ఫార్మాట్ చిన్నాయన

ముదిగుబ్బ ఒక్కటే కాదు, ఇటు ధర్మవరం నుంచి అటు కదిరి దాకా ఏ వీధికి పోయినా ఒక కంప్యూటర్ చిన్నాయన ఉంటాడు. వరసకు మామో బావో అయినా, కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపూ అందరికీ చిన్నాయనే. ఎప్పుడో పీజీడీసీఏ అనే కంప్యూటర్ కోర్సు చేసినాడు. బండి తాళాల గుత్తికి పెన్‌డ్రైవ్ వేలాడుతుంటుంది. అందులో ఒక విండోస్, ఒక ఆఫీసు, డబ్బు కట్టకుండా వాటిని నడిపించే క్రాకులు. నెట్టు రావడం లేదని కబురు చేస్తే అన్నం ముందు నుంచైనా లేచి వస్తాడు, కాఫీ తప్ప ఇంకేమీ పుచ్చుకోడు. వచ్చి, మౌస్‌ను అటూ ఇటూ ఆడించి, తెరవైపు కాసేపు జాలిగా చూసి, "అయ్యే పని కాదప్పా, ఫార్మాట్ కొట్టాల్సిందే" అంటాడు. ఆయనకు పని రాదు కాబట్టే అలా అంటాడని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. చిన్న జబ్బుకు చిన్న మందు వేస్తే తన పెద్దరికం ఏం కావాలన్న బెంగ ఆయన చేత ఫార్మాట్ కొట్టిస్తుంది. దీనికి ప్రాక్సీ సెట్టింగుకు మించిన సాక్ష్యం లేదు.

ప్రాక్సీ అంటే, బ్రౌజరు నేరుగా వెబ్‌సైటును అడగకుండా ఫలానా కంప్యూటరును అడిగి తెప్పించుకోమని మన మెషీన్‌లో రాసి పెట్టే ఏర్పాటు. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి పోతే ప్రాక్సీ అనే పేజీ ఉంటుంది. అక్కడొక మీట, ఒక అడ్రస్, ఒక పోర్టు నంబరు ఉంటాయి. ఇంట్లో ఎవరూ పెట్టకపోయినా అది ఆన్ అయి ఉండడానికి దారులు చాలా. కాలేజీ హాస్టల్లో నెట్టు కోసం పెట్టుకున్న అడ్రస్ పిల్లవాడితో పాటు సంక్రాంతి సెలవులకు ఇంటికి వస్తుంది. సగంలో తీసేసిన వీపీఎన్ వదిలిపోతుంది. ఉచితంగా దొరికిన ఏ పీడీఎఫ్ కన్వర్టరుతోనో వచ్చిన ప్రకటనల ప్రోగ్రాం రాసిపోతుంది. ఈ చివరి రకంలో అడ్రస్ తరచుగా 127.0.0.1 అని ఉంటుంది. అది ఏ కంప్యూటరైనా తనను తాను పిలుచుకునే అడ్రస్. అంటే మధ్యవర్తి బయట యాడో లేడు, మన మెషీన్ లోపలే కూర్చొని, మనం చూసే పేజీల్లోకి ప్రకటనలు దూరుస్తున్నాడు. ఇంతవరకూ నెట్టు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒకరోజు యాంటీవైరస్ ఆ ప్రోగ్రాంను పట్టి తీసేస్తుంది, సెట్టింగును మాత్రం ఉన్నచోటే వదిలేస్తుంది. ఇక బ్రౌజరు ఎవరూ లేని పోర్టును అడుగుతూ ఉంటుంది, నెట్టు ఆగిపోతుంది. అంటే దొంగ దొరికిన రోజే ఇల్లు చీకటవుతుంది. అప్పుడు చిన్నాయన ఏం చేస్తాడు? "ఈ యాంటీవైరస్ ఏసినప్పటి నుంచేనా?" అని అడిగి, అవునని ఇంటివాళ్లు అనగానే దాన్నే పీకేస్తాడు.

కారణం దొరికే గుర్తులు లేవా అంటే, గది నిండా ఉంటాయి, మొదటిది కేబులాయనే చూపిస్తాడు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు రూ.149 అంటూ కేబుల్ వాళ్ల ద్వారానే ఇళ్లలోకి వచ్చింది. ఆనాటి నుంచి నెట్టు రాకపోతే తిట్లు తినే బాధ్యత కేబులాయనది. పాపం ఆయన వచ్చి, తన ఫోన్‌ను ఆ వైఫైకే కలిపి, యూట్యూబ్‌లో ఒక పాట మోగించి, "నెట్టు ఉందప్పా, మీ సిస్టమే బాగల్యా" అని వెళ్లిపోతాడు. సగం పరీక్ష అక్కడే అయిపోయింది: లైను బాగుంది, బాక్సు బాగుంది, లోపం ఈ ఒక్క మెషీన్‌దే. మిగతా సగం చిన్నాయన స్వయంగా చేస్తాడు. కమాండ్ ప్రాంప్ట్ నల్లతెర తెరిచి పింగ్ కొడతాడు, అంటే బయటి కంప్యూటరును పలకరించి జవాబు వస్తుందేమో చూస్తాడు. నాలుగు జవాబులు వరసగా వచ్చి వాలతాయి, ఒక్కటీ పోలేదని కింద లెక్క కూడా వస్తుంది. పింగ్ ప్రాక్సీ గుండా పోదు కాబట్టి దానికి జవాబు వచ్చి బ్రౌజరుకు రాకపోతే చూడాల్సిన చోట్లలో ప్రాక్సీ మొదటిది. క్రోమ్ అయితే ప్రాక్సీ సర్వరుతో సమస్య ఉందని తెరమీదే రాసి చూపిస్తుంది. చిన్నాయన ఆ వాక్యం చదవడు. క్రోమ్‌ను తీసేసి మళ్లీ ఎక్కిస్తాడు. క్రోమ్, ఎడ్జ్ రెండూ విండోస్ సెట్టింగునే వాడుకుంటాయి కాబట్టి ఏమీ మారదు. ఫైర్‌ఫాక్స్ ఎక్కిస్తాడు. దానికి వేరే సెట్టింగు ఉన్నా, మామూలుగా అదీ విండోస్‌నే అడుగుతుంది. మూడు బ్రౌజర్లు ఒకేలా మొరాయించాక ఆయన ముఖంలో ఒక వెలుగు వస్తుంది, ఎందుకంటే ఇప్పుడు ఫార్మాట్‌కు ఎవరూ అడ్డు చెప్పలేరు.

ఫార్మాట్ కొడితే నెట్టు వస్తుంది కదా అని ఆయన తరఫువాళ్లు అడుగుతారు. వస్తుంది. దానితో పాటు డెస్క్‌టాప్ మీద ఉన్న పెళ్లి ఫొటోలు, పాస్‌బుక్ స్కాన్లు, పిల్ల హాల్‌టికెట్ పోతాయి. పైగా అదే పెన్‌డ్రైవ్‌లోంచి అవే క్రాకులు మళ్లీ ఎక్కుతాయి కాబట్టి, తెచ్చింది వాటిలో ఒకటే అయితే ప్రాక్సీ మళ్లీ వస్తుంది, ఆయన కూడా మళ్లీ వస్తాడు. అసలు మందు ప్రాక్సీ మీట ఆపడమే. అలా ఆపినా అది తిరిగి తానే ఆన్ అవుతోందే అన్నది ఇంకొంచెం గట్టి ఆక్షేపణ. నిజమే, అది జరుగుతుంది. అప్పుడు దాన్ని తిరిగి రాస్తున్నవాడు లోపల బతికే ఉన్నాడన్నమాట. ఈ మధ్య ఎక్కించిన ప్రోగ్రాంలు, బ్రౌజరు ఎక్స్‌టెన్షన్లు, మెషీన్ ఆన్ కాగానే నడిచేవి, టాస్క్ షెడ్యూలర్‌లో ఉన్నవి వరసగా చూసి వాడిని తీసేయాలి. అదే పేజీలో సెటప్ స్క్రిప్ట్ అనే మరో గడి ఉంటుంది, అందులో ఏదైనా చిరునామా ఉందేమో చూడాలి. ఇదంతా ఓపికతో చేసే పని, చూసేవాళ్లకు ఏమీ కనబడని పని. ఆయనకు కిట్టనిది అదే.

ఆయనకు న్యాయం చేయాలంటే రెండు మాటలు ఒప్పుకోవాలి. కొన్ని మెషీన్లలో మీటతో పోని జబ్బులు ఉంటాయి. కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో కంపెనీ నుంచే సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం వచ్చిందని 2015 ఫిబ్రవరిలో బయటపడింది. అది సొంత సర్టిఫికెట్ పెట్టుకొని, తాళం గుర్తు ఉన్న పేజీల్లోకీ తొంగిచూసింది. ప్రోగ్రాంను తీసేసినా సర్టిఫికెట్ మిగిలేది, దాన్ని విడిగా పీకాల్సి వచ్చింది. మేము ఏ క్రాకూ వేయలేదనే ఇళ్లకు ఇదే జవాబు కూడా. రెండోది, ప్రతి ప్రాక్సీ శత్రువు కాదు. 2020 లాక్‌డౌన్‌లో బెంగళూరు నుంచి ఊళ్లకు చేరిన ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఉన్న ప్రాక్సీని కంపెనీయే కావాలని పెట్టి ఉండవచ్చు. దాన్ని ముట్టుకోకుండా ఆఫీసు వాళ్లను అడగాలి. చిన్నాయన వాటిని కూడా ఫార్మాట్ కొట్టడానికి సిద్ధపడతాడన్నది వేరే సంగతి.

అయితే తప్పంతా ఆయన నెత్తిన రుద్దడం అన్యాయం. మాత్ర రాసిచ్చి పంపిన ఆరెంపీని తిట్టుకుంటూ, సూది వేసినాయనను మంచి డాక్టరని పొగిడే ఊళ్లు మనవి. నిమిషంలో మీట ఆపి చిన్నాయన లేచి నిలబడితే ఇంటివాళ్లు ఏమంటారు? "ఇంతేనా? ఇది మా పిల్లోడే చేసేటోడు గదా!" అంటారు, ఆ పిల్లోడు అంతవరకూ చేయలేదన్నది మర్చిపోయి. రెండో కాఫీ రాదు. అదే పొద్దున మొదలుపెట్టి, నీలిరంగు తెరమీద శాతాలు ఎక్కుతుంటే చేతులు కట్టుకొని కూర్చొని, సాయంత్రానికి నెట్టు తెప్పిస్తే, "చిన్నాయన లేకుంటే ఈ సిస్టం పోయినట్లే" అని వీధంతా చెబుతారు, పోయిన ఫొటోల మాట ఎత్తరు. కూలి తీసుకోని మనిషికి ఆ మాటే కూలి. దాని కోసం ఆయన పెద్ద జబ్బును వెతుక్కుంటే తప్పు పట్టడం కష్టం. ధర్మవరం పోయి షాపులో ఇస్తే డబ్బులూ అడుగుతారు, రెండు రోజులూ పెట్టుకుంటారు. ఈయన పిలిస్తే వస్తాడు.

కాబట్టి ఆయనను మానేయడం కుదరదు, పిలిచే పద్ధతి మార్చుకోవాలి. కబురు చేసే ముందే ప్రాక్సీ పేజీ తెరిచి, మీట ఆన్‌లో ఉంటే ఆ అడ్రస్‌నూ పోర్టునూ ఒక కాగితం మీద రాసుకోండి. ఫొటోలు వేరే డ్రైవులోకి కాపీ చేసి పెట్టండి. ఆయన వచ్చి కూర్చున్నాక, పెన్‌డ్రైవ్ బయటికి రాకముందే, "చిన్నాయనా, ఈడేదో నంబరుంది, మాకేం తెలుస్తుంది, నువ్వే చూడు" అని ఆ పేజీ ముందుపెట్టండి. ఆయన కళ్లద్దాలు సర్దుకుంటాడు. "నేననుకుంటానే ఉండా" అంటాడు. మీట ఆపుతాడు, పేజీ తెరుచుకుంటుంది, రెండో కాఫీ కూడా వస్తుంది. గ్లాసు కింద పెడుతూ, తాళాల గుత్తి వెతుక్కుంటూ, "ఇప్పటికి నడుస్తాది గానీ, ఎందుకైనా మంచిది, ఆదివారం వచ్చి ఒకసారి ఫార్మాట్ కొట్టేస్తా" అంటాడు.