లెక్క తేలాల్సిందే

"ఏంది తమ్మీ, డబ్బా మీద నాలుగు టీబీ అని రాస్తరు, లోపల చూస్తే 1.63! దొంగతనం గాదా ఇది?"

వెంచర్ ఓనరు హార్డ్‌డిస్కును టేబుల్ మీద టప్పున పడేశాడు. రిపేరు కుర్రాడు గబుక్కున దాన్ని అందుకుని ఒక గుడ్డ పరిచి పెట్టాడు.

శంషాబాద్ అవతల ఆయనకు రెండు వెంచర్లున్నాయి. డ్రోన్ వీడియోలు, లేఅవుట్ ప్లాన్లు దాచుకోవడానికి కొత్త డిస్కు కొని, ఆఫీసులో మూలపడ్డ పాత యూఎస్‌బీ కేసులో బిగించుకున్నాడు.

కుర్రాడు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాడు. 1678 జీబీ. ఆ అంకె అతనికి పాత పరిచయమే. స్క్రూలు విప్పి డిస్కును బయటికి తీశాడు.

"డిస్కు మంచిదే అన్నా. ఈ కేసుల ఉన్న చిప్పుకే లెక్క రాదు."

"లెక్క రాదంటే?"

"డిస్కుల జాగంత 512 బైట్ల ముక్కలుగా ఉంటది. ఒక్కో ముక్కకు ఒక నంబరు. పాత చిప్పు ఆ నంబరును 32 బిట్లలనే రాస్తది. 429 కోట్ల ముక్కల దాకనే పోతది. అంటే 2.2 లక్షల కోట్ల బైట్లు. అది దాటితే మళ్ల సున్నా నుంచి మొదలు. మీ నాలుగు లక్షల కోట్లల అది పోంగ మిగిలిన 1.8 లక్షల కోట్లే మీకు చూపెడుతున్నది."

లక్షల కోట్లు అనేసరికి ఓనరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

కుర్రాడు డిస్కును నేరుగా మదర్‌బోర్డుకి తగిలించాడు. డిస్కులో భాగాల పట్టిక ఏ పద్ధతిలో రాయాలి, ఎంబీఆరా, జీపీటీనా అని విండోస్ అడిగింది. "ఎంబీఆర్ 1983 నాటిది. దాంట్ల గూడ అదే 32 బిట్ల గొడవ, రెండు టీబీల కాడ ఆగుతది" అంటూ జీపీటీ నొక్కాడు. "కొత్త డిస్కు గాబట్టి సరిపోయింది. ఫైళ్లుంటే మాత్రం కాపీ తీస్కోకుండ దీని జోలికి పోవద్దు."

ఫార్మాట్ అయింది. తెర మీద 3.63 టీబీ.

"ఇంకా తక్కువే గదా!"

"తక్కువ గాదన్నా. డిస్కు చేసేటోళ్లకు టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్‌కు దాదాపు లక్షా పదివేల కోట్లు. కొలిచే మానిక పెద్దదైతే లెక్క చిన్నగ వస్తది." కుడి క్లిక్కు నొక్కి ప్రాపర్టీస్ తెరిచాడు. బైట్ల వరుసలో 4 వెనక ఇంకో పన్నెండు అంకెలున్నాయి. "చూడుండ్రి, ఒక్క బైటు గూడ ఎటు పోలే."

ఓనరు తెర వంక చూడనే లేదు.

"అయన్ని నాకు జెప్పకు. కాయితం మీద ఎంతుందో చేతికి గంత రావాలె. నేను పైసలు తక్కువిచ్చిన్నా? లేదు గదా! మరి సరుకు తక్కువ ఎట్ల ఇస్తడు? ఇసుంటోళ్లను ఊకె ఇడ్వద్దు తమ్మీ. కోర్టుకు గుంజాలె."

కుర్రాడు డిస్కును కొత్త కేసులో బిగించి, బిల్లు రాసి చేతికిచ్చాడు.

"కోర్టుకు ఎంత ఖర్చయితదన్నా?"

"నీకెందుకు?"

"మీ రెండో వెంచర్ల మా నాయన 150 గజాలు కొన్నడు. రిజిస్ట్రేషన్ కాయితం గూడ 150 అనే ఉన్నది. పునాదికి మేస్త్రి టేపు పడితే 137 వచ్చినయి. అడుగుదామని ఆఫీసుకొస్తే, కాయితం గజం వేరు, నేల మీది గజం వేరు తమ్మీ అని మీరే చాయ్ తాపిచ్చి తోలిండ్రు."

ఓనరు జేబులోంచి పర్సు తీసినవాడు తీసినట్టే ఉండిపోయాడు.

"డిస్కులనైతే ప్రాపర్టీస్ నొక్కంగనే బైట్లన్ని కనబడ్డయి. మా ప్లాటుల యాడ నొక్కాల్నన్నా?"