కరాటే బడి ఎంపిక: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యము

మూలము

నెలల ఫీజు చూచి నిశ్చింత పడబోకు
బెల్టు బెల్టుకొక్క బిల్లు వచ్చు
గురువు చెమట చూడు గోడపై పటమేల
చూచి కట్టు ఫీజు చుట్టమైన

అవతారిక

వేసవి సెలవులు వచ్చినవి. హైదరాబాదులో ఒకానొక కాలనీయందు పదేండ్ల పుత్రరత్నము సోఫా మీదినుండి దూకి రెండవ దిండును కూడ చింపిన పిమ్మట, తల్లిదండ్రులు వానిని కరాటేలో వేయ నిశ్చయించిరి. నడిచిపోదగిన దూరములో బడులు మూడు. ఫంక్షన్ హాలు మేడమీద కరాటే, ప్రైవేటు స్కూలు గ్రౌండులో టైక్వాండో, పార్కులో వేపచెట్టు కింద బోర్డు లేని మరియొక కరాటే. తండ్రి ఈ పద్దుకు విడిచిన సొమ్ము నెలకు ఎనిమిదివందలు మించదు. ఇట్టి సంకటమున, ఇద్దరు పిల్లలకు నేర్పించి చేయి కాల్చుకొనిన ఎదురింటి అంకుల్ ఒక పాత రసీదు వెనుక ఈ పద్యము వ్రాసి ఇచ్చెనని ఐతిహ్యము.

ప్రతిపదార్థము

నెలల ఫీజు = కరపత్రముపై లావు అక్షరములలో నున్న నెలవారీ రుసుమును; చూచి = దాని కింది సన్న అక్షరములు చూడక చూచి; నిశ్చింత పడబోకు = గట్టెక్కితినని తలపకుము; బెల్టు బెల్టుకు = తెలుపు మొదలు నలుపు వరకుగల ప్రతి రంగునకును; ఒక్క బిల్లు = వేరొక వసూలు; వచ్చు = పిలువకయే వచ్చును; గురువు చెమట = మాస్టారి ఒంటినుండి నేలరాలునది; చూడు = కనిపెట్టుము; గోడపై = ఆఫీసు గదిలో కుర్చీ వెనుక; పటము = సర్టిఫికెట్టు, సినిమా హీరోతో దిగిన ఫొటో మొదలగునది; ఏల = దేనికి; చూచి = ఒక క్లాసు సాంతము చూచి; కట్టు ఫీజు = అటుపిమ్మటనే డబ్బు తీయుము; చుట్టమైన = ఆ మాస్టారు నీ బావమరిది యైనను.

తాత్పర్యము

స్పష్టము.

విశేషములు

“నెలల ఫీజు” అను బహువచనము సాభిప్రాయము. ఒక నెల లెక్క కాదు, సంవత్సరపు లెక్క వేయుమని భావము. మేడమీది బడి నెలకు 500, పార్కు బడి నెలకు 700 అనుకొందము. మొదటిచోట మూడు నెలలకొక బెల్టు పరీక్ష, పరీక్షకు 800. రెండవచోట ఏడాదికి రెండు పరీక్షలు, ఒక్కొక్కటి 300. ఏడాది తిరుగునప్పటికి మొదటిది 9,200, రెండవది 9,000. చవుక ఎక్కడికి పోయెను? ఇంకను మేడమీది బడివారు తమ ముద్ర కుట్టిన డ్రెస్సే తొడుగవలెనందురు. ఆట సామాను దుకాణమున దొరకు సాదా తెల్లడ్రెస్సు పనికిరాదు. అటుపై టోర్నమెంటు. వయస్సుకొక వర్గము, బరువుకొక వర్గము, బెల్టుకొక వర్గము, కటాకు (ఒంటరిగా చేయు కదలికల వరుసకు) వేరు, కుమితేకు (జోడీ పోరుకు) వేరుగా విభజింపగా ఒక్కొక వర్గమున నలుగురు మిగులుదురు; నలుగురికిని పతకములు వచ్చును. ఎంట్రీ ఫీజు మాత్రము అందరికిని ఒక్కటే.

ఏడాది సొమ్ము ఒకేసారి కట్టినచో తగ్గింపు అను మాట కూడ ఇచటనే విచార్యము. మే నెలలో కిటకిటలాడు క్లాసు జూన్‌లో బడులు తెరువగానే పలుచబడుట ప్రతి మాస్టారికి తెలిసిన సంగతి. తగ్గింపు ఎవరి మేలుకో చెప్పనేల.

“బెల్టు బెల్టుకు” అనుచోట చరిత్ర కొంత చెప్పవలసియున్నది. తొలినాళ్ల ఒకినావా కరాటేకు ఈ రంగులు లేవు. డాన్ అను శ్రేణిని యుద్ధవిద్యలలోనికి తెచ్చినది జూడో కర్త జిగోరో కానో. ఆయన 1882లో కొడోకాన్ అను జూడో బడిని స్థాపించెను. కరాటేను ఒకినావానుండి టోక్యోకు తెచ్చిన గిచిన్ ఫునకోషి ఆ పద్ధతిని ఎరువు తెచ్చుకొని, 1924లో తన శిష్యులకు తొలి డాన్‌లు ఇచ్చెను. షోటోకాన్ శైలిలో నేడు సాధారణముగా డాన్‌కు దిగువ మెట్లైన క్యూలలో పదవ క్యూ నుండి మొదటి క్యూకు దిగివచ్చి, అటుపిమ్మట మొదటి డాన్ పొందవలెను. అంకె తగ్గుచుండగా ఫీజు పెరుగుట ఈ శాస్త్రమునందలి చమత్కారము. మరియొకటి: నల్లబెల్టు ఇచ్చు సర్కారు ఆఫీసు ఎచటను లేదు. కరాటేలో ఏ సంస్థ బెల్టు ఆ సంస్థదే. అందుచే పేరులో “ఇంటర్నేషనల్” అని చేర్చుకొనుటకు పెయింటరు ఖర్చు తప్ప అడ్డు లేదు. టైక్వాండోలో డాన్ సర్టిఫికెట్టు సియోల్‌లోని కుక్కివాన్ నుండి తెప్పింతురు. ఆ ఖర్చు వేరు, చేరుటకు ముందే అడుగవచ్చును.

ఫీజు, బెల్టు, బిల్లు అను మూడును హగణములే. అన్యదేశ్యములై యుండియు ఆటవెలదిలో కుదురుగా కూర్చున్నవి.

“పటమేల” అనుచోట “పటమేలు” అని పాఠాంతరము. గోడపై పటమే ఏలునని అర్థము. ఈ పాఠము మేడమీది మాస్టారి ప్రతిలో మాత్రమే కనబడుచున్నది గనుక గ్రాహ్యము కాదు. అయినను పటముల మహిమను తీసివేయరాదు. సుమన్, భానుచందర్‌లు తెరమీద కాళ్లు విసరిన నాటినుండి మనవారికి కరాటే అనగా సినిమాయే. అంతకుముందు విజయనగరమువంటి ఊళ్లలో సాముగరిడీలుండెడివి, వానికి బెల్టులు లేవు.

“గురువు చెమట” ఈ పద్యమునకు ప్రాణము. కొందరు దీనిని శిష్యుల చెమటగా వ్యాఖ్యానించి, ఎండలో పిల్లలచేత సిమెంటు గచ్చుపై పిడికిళ్లమీద పుషప్‌లు తీయించు బడియే గొప్పదందురు. అది తప్పు. ఎనిమిదేండ్ల పిల్లవాని మణికట్టు నలుగుట విద్య కాదు. కవి చూడుమన్నది మాస్టారిని. ఆయన పిల్లల నడుమ తిరుగుచు, పేరు పెట్టి పిలిచి, వంకర పాదమును సరిచేయుచున్నాడా? లేక గోధుమరంగు బెల్టు కుర్రవానికి విజిల్ ఇచ్చి తాను సెల్‌ఫోనులో నున్నాడా? కుమితేకు జోడీలు కట్టునప్పుడు బరువు చూచుచున్నాడా? మంచినీళ్లకు విడుచుచున్నాడా? జూడో నేర్పెదమని మ్యాట్లు లేని గచ్చుమీద పడవేయుచున్నచో రెండవ ప్రశ్న అడుగక లేచిరావలెను. ఏ విద్య అన్న వివాదము దీని తరువాతిది. టైక్వాండో 2000 సిడ్నీ నుండి ఒలింపిక్స్‌లో పతకముల ఆట. కరాటే 2020 టోక్యో క్రీడలలో ఒక్కమారు కనబడి, 2024 పారిస్‌లో లేదు. స్పోర్ట్స్ కోటా దృష్టిలో నున్నవారికి ఈ భేదము కావలయును. దిండ్లు దక్కిన చాలుననువారికి అక్కరలేదు. టైక్వాండోలో పోటీకి దిగినచో ఛాతీ కవచము, హెల్మెట్టు కొనవలసివచ్చుననుట మాత్రము లెక్కలో వేసికొనవలెను.

పూర్వపక్షము: “మాకు ఎనిమిదివందలు కూడ లేవు, ఏమి గతి?” సమాధానము: జీహెచ్‌ఎంసీ వారు వేసవిలో నామమాత్రపు రుసుముతో ఆటల శిబిరములు నడుపుదురు, వేలు వెచ్చించుటకు ముందు పిల్లవానికి ఆసక్తి యున్నదో లేదో అచట తేలును. సర్కారు బడులలో చదువు ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ అను పథకము కలదు; హెడ్‌మాస్టరునడిగి తెలిసికొనదగును.

“చూచి కట్టు” అన్నదానికి ప్రయోగము. తండ్రి మేడమీదికి పోయి, “మాస్టారూ, బెల్టు టెస్టు ఎన్నాళ్లకోసారండీ? ఎంతండీ?” అని అడిగెను. “బాబు బాడీ కరాటేకి కరెక్టుగా ఉంది సార్. ముందు జాయిన్ చేయండి, అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం” అని ఉత్తరము. అడిగినది ఒకటి, పొగడినది మరియొకటి గనుక దీనిని అప్రస్తుతప్రశంస యనవచ్చును. వేపచెట్టు కింది మాస్టారు అదే ప్రశ్నకు వేళ్లు మడచి లెక్క చెప్పి, “డ్రెస్సు ఇప్పుడే కొనకండి సార్, రెండు నెలలు ట్రాక్ ప్యాంటుతో రానివ్వండి” అనెను.

ఇక “చుట్టమైన.” యతి కొరకు వేసిన పదమని పైకి తోచును గాని, ఇందు లోతున్నది. చుట్టము ఫీజు పుచ్చుకొనడు. “మనవాడేగా బావగారూ” అని తోసిపుచ్చును. అప్పటినుండి పిల్లవాడు ఒకనాడు రానిచో రాత్రికి ఫోను వచ్చును. దసరాకు బట్టలు పెట్టవలసివచ్చును. టోర్నమెంటునాడు వ్యాను మనమే మాట్లాడవలసివచ్చును. ఫీజు కట్టిన బడిని మే నెలాఖరున మాన్పింపవచ్చును. బావమరిది బడిని మాన్పించుటకు ఎదురింటి అంకుల్‌కు పెద్దవాని పదవ తరగతి పరీక్షలు అడ్డుపెట్టుకొనవలసివచ్చెనట; చిన్నవాడింకను ఏడవ తరగతిలోనే యున్నాడు.