స్లోలో నిలవని మారుతి సొద

మనుషులు రాసుకునే ఆత్మకథల నిండా 'నేను' ఉంటుంది. ఈ మారుతి 800కు ఆ అలవాటు అబ్బలేదు. "ఈ ముసల్దాన్ని ఎవరు చూస్తరు బిడ్డా" అనే పాలమూరు అవ్వల లెక్క, తనను తాను 'ఈ బండి' అనే చెప్పుకుంటుంది. మిర్యాలగూడలో ఓ పాతసామాన్ల దుకాణం వెనక, టైర్లు లేకుండా నిలబడి అది వెళ్లబోసుకున్న సొద ఇది.

ఈ బండి 1996లో గుర్గావ్‌లో తయారైంది. అక్కడ మొదటి 800 తాళాలు కొన్నవాళ్ల చేతికిచ్చింది 1983 డిసెంబర్ 14న. కాబట్టి ఇది ఆ వంశంలో పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు, ఒక కార్బ్యురేటర్. నంబరు మహబూబ్‌నగర్ జిల్లాది, ఏపీ 22. కార్ఖానా ముచ్చట్లు ఇంతకు మించి దానికి పట్టవు.

పట్టేవన్నీ మొదటి యజమాని నాటివే. ఆయన బడిపంతులు. దుమ్ము బాటలో తిరిగొస్తే ఎయిర్ ఫిల్టర్ విప్పి దులపనిదే అన్నం ముట్టేవారు కాదు. ఒకసారి శ్రీశైలం పోతూ మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దగ్గర ఆగారు. రాత్రి తొమ్మిదికి మూసిన గేటు పొద్దున ఆరుకు గానీ తీయరు. తీసే వేళకు ఇంజిన్ స్టార్ట్ చేసి, అద్దాలెక్కించి కూర్చున్న సారు కాసేపటికి అది ఆగిపోయిందనుకుని మళ్లీ తాళం తిప్పారు. స్టార్టర్ కీచుమంది. ఇంజిన్ నడుస్తూనే ఉంది, ఆయనకే వినపడలేదు! ఆ కీచుమన్న చప్పుడే ఈ బండి అందుకున్న పెద్ద మెప్పు.

సారు రిటైరయ్యాక దీన్ని ఓ ధాన్యం వ్యాపారి కొన్నాడు. జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగా, ఇప్పుడు 167వ జాతీయ రహదారి అంటున్న బాటలోనే మిర్యాలగూడ చేరింది. రైస్ మిల్లుల ఊరు. ఊకదుమ్ము, తవుడుదుమ్ము మధ్య నిలబెడితే ఎయిర్ ఫిల్టర్ ఎన్నాళ్లు ఊపిరి పీలుస్తుంది? బస్తాల కోసం వచ్చే ఎలుకలకు బానెట్ కింది వెచ్చదనం కూడా నచ్చింది.

నల్లగొండ గడియారం సెంటర్లో మొదటిసారి పరువు పోయింది. క్లచ్ తొక్కి స్లోలో, అంటే యాక్సిలరేటర్ ముట్టకుండా, నిలబెడితే చాలు, స్టీరింగ్ వణికేది, అద్దం ఊగేది, ఇంజిన్ టప్పున బందయ్యేది. వెనక ఆటోల హారన్లు.

"స్లోల ఆగుతలేదు, ఏం రోగమో చూడు" అన్నాడు వ్యాపారి, దారిలో దొరికిన ఓ కుర్రాడితో. "ఏం లేదన్నా, జర రేస్ పెంచితే అయిపోతది" అని వాడు కార్బ్యురేటర్ స్క్రూ తిప్పాడు. అంతే! వణుకు దాక్కుంది, రోగం ఉండిపోయింది. ఈ బండి ఇప్పటికీ మరిచిపోలేని తప్పు అదే. నిమిషానికి సుమారు 900 చుట్లు తిరగాల్సిన ఇంజిన్ ఊరికే నిలబడి అరవడం మొదలుపెట్టింది. పెట్రోల్ తాగింది. మొదటి గేరు వేస్తే గొణిగింది. తాళం తీసేసినా కాసేపు గుడగుడమని కొట్టుకుని గానీ ఆగేది కాదు. అప్పుడు తిట్లు మాత్రం బండికే.

దాని గోడు చెవినేసుకున్నది దేవరకొండలో ఓ ముసలి మిస్త్రీ. ఆయన ముందు ఏ స్క్రూనూ ముట్టలేదు, చెవి పెట్టి విన్నాడు. 900 చుట్ల దగ్గర ఒక్కో సిలిండర్ నిమిషానికి 450 సార్లు మండాలి. మూడింట్లో ఒకటి మానేస్తే మిగిలిన రెండూ కుంటుతూ లాగాలి. నాలుగు సిలిండర్ల బండ్లకన్నా మూడింటి బండిలో ఆ లోటు ఎక్కువగా తెలుస్తుంది. రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే లాగాడు. మొదటిది లాగితే ఇంజిన్ కుంగింది. రెండోది లాగినా కుంగింది. మూడోది లాగితే ఏ తేడా లేదు. "గిదే పంజెయ్యనిది" అన్నాడు.

ఆ ప్లగ్గు విప్పితే తెల్లగా ఉంది. మసిబారి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువైనట్టు, నూనె జిడ్డుంటే రింగులు అరిగినట్టు, తెల్లగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. అదనపు గాలి ఎక్కడిది? పైపుల మొదళ్లలో కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టుకుంటూ పోయాడు. మూడో సిలిండర్ వైపు వాక్యూమ్ పైపు మీద పడగానే ఇంజిన్ గొంతు మారింది. ఎలుక కొరికిన పైపు! దాన్ని మార్చి, జిగురు కట్టిన స్లో జెట్‌ను తీగతో పొడవకుండా గాలి కొట్టి శుభ్రం చేసి, తవుడు పట్టిన ఫిల్టర్ మార్చి, చివర్న గానీ స్క్రూ జోలికి పోలేదు. పెంచిన రేస్ దించాడు. ఇంజిన్ మెత్తబడింది.

ఆ సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. వ్యాపారికి కొత్త కారొచ్చింది. ఈ బండిని మిల్లు వెనక పెట్టి మరిచిపోయాడు. ట్యాంకులో పెట్రోల్ ముక్కిపోయింది, కార్బ్యురేటర్‌లో అడుగంటింది. 2014 జనవరిలో 800 తయారీయే ఆగిపోయిన సంగతి కూడా దానికి ఆలస్యంగా తెలిసింది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. "అంత పెట్టి దీన్నెందుకు" అని తూకానికి అమ్మేశాడు. పాతసామాన్ల వాడు కాటా మీది అంకె తప్ప మీటరు రీడింగ్ చూడలేదు.

వ్యాపారి అన్న ఆ మాట తలుచుకున్నప్పుడు మాత్రం ఈ బండి కాస్త నొచ్చుకుంటుంది. తర్వాత తన పద్ధతిలో హెచ్చరిస్తుంది: ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఇప్పుడు అన్ని బంకుల్లోనూ ఉంది. అందులో ఆక్సిజన్ ఎక్కువ. కార్బ్యురేటర్ బండ్లకు దాన్ని లెక్కగట్టే కంప్యూటర్ లేదు కాబట్టి మిశ్రమం పలచబడుతుంది, పాత రబ్బరు పైపులూ త్వరగా పాడవుతాయి. మీ ఇంట్లో ఇంకా కార్బ్యురేటర్ 800 ఉంటే ఆ పైపులన్నీ ఒకసారి వంచి చూడండి. అది స్లోలో వణికితే మెకానిక్‌ను రేస్ పెంచనివ్వకండి. ముందు మూడు ప్లగ్గులూ విప్పి చూపించమనండి.