వ్యాజ్యంలో ఉన్న గోడలు

హైదరాబాదులోని సుల్తాన్ బజారు, బేగంబజారు, సికింద్రాబాదులోని జనరల్ బజారు వంటి పాత పేటలలో, మేడల పక్కగోడలపైనా కిటికీల నడుమ జాగాలలోనూ సగం వెలిసి సగం మిగిలిన రంగురాతలను వెదకుతూ తిరగడం ఇటీవలి కాలంలో ఒక విద్యగా పరిణమించింది. విదేశీ పండితులు వీటిని ఘోస్ట్ సైన్లు అంటారు. సరుకు పోయి, కొట్టు పోయి, కొట్టువాడు కూడా పోయిన తరువాతనూ గోడను వదలని ప్రకటనలు అని దాని భావం. శాసనశాస్త్రంలో కాస్త ప్రవేశం ఉన్నవారు వీటిని గోడశాసనాలుగా గుర్తించడానికి ఎంతోసేపు పట్టదు.

పూర్వపు శాసనంలో మొదట మంగళవాచకం, తరువాత దాత వంశవర్ణన, ఆ పిమ్మట దానమిచ్చిన భూమి ఎల్లలు, చిట్టచివర శాపోక్తి, అనగా ఆ దానాన్ని అపహరించినవారికి పట్టబోయే గతి, వరుసగా వస్తాయి. బజారు గోడ ఈ సంప్రదాయాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. పైన ‘శ్రీరామ’ అనో ‘786’ అనో మంగళం ఉంటుంది. వంశవర్ణనకు బదులు ‘ప్రొ:’ అనే గుర్తు, యజమాని పేరు, ‘అండ్ సన్స్’ అనే ఆశ ఉంటాయి. ఎల్లలకు బదులు ‘పోస్టాఫీసు ఎదురు సందు’ ఉంటుంది. ఆ కింద ‘మాకు ఎచ్చటను బ్రాంచీలు లేవు’ అనే ప్రకటన ఉంటుంది. ఈ చివరి వాక్యాన్ని వ్యాపార వినయంగా పొరబడేవారున్నారు గాని, అదే పేరుతో అదే వీధిలో కొట్టు తెరిచిన తమ్ముణ్ణి ఉద్దేశించి అన్న జారీచేసిన నోటీసుగా దాన్ని చదవడమే సరైన పద్ధతి.

శాపోక్తి విషయంలో మాత్రం గోడ ప్రాచీనులను మించిపోయింది. దానభూమిని హరించినవాడు అరవై వేల సంవత్సరాలు అశుద్ధంలో పురుగై పడి ఉంటాడని పాత శాసనాలు హెచ్చరించేవి. శిక్ష భయంకరమైనదే అయినా వచ్చే జన్మకు వాయిదా పడినది కనుక నేరస్థుడికి పెద్దగా తొందర పుట్టించదు. ‘ఇచ్చట మూత్రము పోయువాడు గాడిద’ అనే గోడశాసనం అదే అశుద్ధ విషయాన్ని చేపట్టి, తీర్పును ఈ జన్మలోనే, అక్కడికక్కడే, అప్పీలుకు తావులేకుండా అమలుపరుస్తుంది. అయినప్పటికీ గోడ తడి ఆరకపోవడంతో తరువాతి తరం యజమానులు భాషపై నమ్మకం వదులుకొని, వేంకటేశ్వరస్వామి, మక్కా, ఏసుక్రీస్తు బొమ్మలున్న టైల్స్‌ను మోకాలి ఎత్తున వరుసగా అతికించారు. సర్వమత సమభావం ఇంత ఆచరణలోకి వచ్చిన చోటు దేశంలో మరొకటి చూపించడం కష్టం.

ఏ రాత మిగులుతుంది, ఏది పోతుంది అనే ప్రశ్నకు జవాబు రాసినదాని గొప్పతనంలో లేదు, రంగులో ఉంది. సున్నపు గోడపై క్షారగుణం ఎక్కువ కావడం వల్ల, ఎండ నేరుగా తగలడం వల్ల, చౌకరకం ఎరుపులూ గులాబీలూ కొద్ది ఏళ్లలోనే పాలిపోతాయి. జాజు, అంటే ఇనుపధాతువున్న ఎర్రమన్ను, ఎండకు గాని సున్నానికి గాని లొంగదు. దీపపు మసి వంటి నల్లరంగు అసలే లొంగదు. బట్టలకు పెట్టే నీలి కూడా సున్నాన్ని బాగానే తట్టుకుంటుంది. ఈ కారణం చేత ‘స్వచ్ఛమైన నేతితో చేసిన’ అనే ముక్క చౌక ఎర్రరంగులో రాసి ఉంటే ఏనాడో మాయమై, నలుపులో రాసిన ‘మిఠాయిలు’ ఒక్కటే నిలుస్తుంది. నేతి సంగతి గోడే ఉపసంహరించుకున్నట్లు కనిపిస్తుంది. రాజకీయ నినాదాలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. జాజుతో రాసిన విప్లవం, డబ్బా రంగుతో రాసిన సంక్షేమం కంటే ఎక్కువ కాలం గోడపై నిలిచిందంటే, అందులో సిద్ధాంతబలం ఎంత, మట్టిబలం ఎంత అన్నది రాజనీతి పండితులు విడదీసి చెప్పవలసిన విషయం.

అక్షరాలు రాసే మనిషిని బజారులో ఆర్టిస్టు అనే పిలిచారు, ఆయన కూడా గోడ కింది మూలన ‘ఫలానా ఆర్ట్స్’ అని సంతకం చేసుకున్నాడు. రంగుపొడిలో దొర్లించిన దారాన్ని రెండు కొసలా బిగించి, మధ్యలో లాగి వదిలితే గోడపై తిన్నని గీత పడుతుంది; అటువంటి గీతలు రెండింటి మధ్య ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా నిలబడతాయి. తెలుగు అక్షరం ఆ కట్టుబాటుకు లొంగదు, ఎందుకంటే దానికి పైన తలకట్టు, గుడి ఉంటే, కింద ఒత్తులుంటాయి. కొట్లకు ఎక్కువగా పెట్టేది లక్ష్మీదేవి పేరు, ఆ పేరులో ‘క్ష్మీ’ అనే అక్షరానికి మూడంతస్తుల మేడకు కావలసినంత ఎత్తు కావాలి. దాని ఒత్తులు కింది వరుసలోని ‘కిరాణా, జనరల్ మర్చంట్స్’ నెత్తిన దిగబడి ఉండడం, వాటికి దారి ఇవ్వడానికి ‘జనరల్’ కాస్త పక్కకు ఒదిగి ఉండడం పాత గోడల్లో తరచుగా కనిపిస్తుంది. బాపు రాసిన వంపుల అక్షరాలు పత్రికల ద్వారా వ్యాపించిన తరువాత ఎందరో ఆర్టిస్టులు వాటిని అనుకరించారు గాని, బాపు కాగితంపై రాశారు, ఆయనకు కరెంటు మీటరు డబ్బా అడ్డు రాలేదు.

హైదరాబాదులో ఈ కష్టం రెట్టింపైంది. సుల్తాన్ బజారు 1933 వరకు బ్రిటిష్ రెసిడెన్సీ అధీనంలో ఉండి, ఆ ఏట తిరిగి నిజాం చేతికి వచ్చిన పేట. అక్కడి బోర్డుకు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, వీలైతే హిందీ కూడా కావలసి వచ్చేది. ఉర్దూను కుడి నుంచి ఎడమకు, పైనుంచి కిందికి జారుతున్నట్లుండే నస్తలీఖ్ శైలిలో కాతిబు, అంటే వృత్తి లేఖకుడు, నింపాదిగా రాసుకుంటూ వస్తాడు. తెలుగు ఎడమ నుంచి బయలుదేరుతుంది. రెండూ ఒకే వరుసలో ఉంటే మధ్యలో ఢీకొనక తప్పదు. ఆ సరిహద్దు దగ్గర తెలుగు అక్షరాలు ఊపిరి బిగబట్టి సన్నబడడం, చివరి ‘స్టోర్సు’లోని ‘ర్సు’ అగ్గిపెట్టెలో పట్టేంతగా చిన్నదైపోవడం చూసినవారికి, భాషాసామరస్యం అనేది ప్రధానంగా కొలత టేపుకు సంబంధించిన వ్యవహారమని తెలిసిపోతుంది.

కాలనిర్ణయం, అంటే ఫలానా రాత ఏనాటిదో తేల్చడం, రాతిశాసనాల విషయంలో తరాల తరబడి తెగని తగవు. గోడశాసనాలకు అంత శ్రమ అక్కరలేదు. ఊరి పేరు పక్కన ఒకటీ రెండంకెల పేట నంబరు మాత్రమే ఉంటే అది పిన్‌కోడు రాకమునుపటిదని, అనగా 1972 ఆగస్టు 15కు ముందు రాసినదని ఊహించవచ్చు. టెలిఫోను నంబరులో అయిదంకెలుంటే యజమాని ఆ కాలపు ధనవంతుడు, ఎనిమిదంకెలుంటే 2000 తరువాతి సామాన్యుడు. అమ్మకపు పన్ను నంబరు ఉంటే 2005 ఏప్రిల్ నాటి వ్యాట్‌కు ముందుది, జీఎస్టీ నంబరు ఉంటే 2017 జూలై తరువాతిది కనుక పరిశోధనకు పనికిరానంత కొత్తది. శాలివాహన శకం కంటే పన్నుల శకం చరిత్రకారుడికి ఎక్కువ ఉపయోగపడుతుందని ఎవరూ ఒప్పుకోరు గాని, సంగతి అదే.

ఇక ఎన్నికల గోడలు. ఒక రాతను పూర్తిగా చెరపకుండా దానిపైనే మరొకటి రాయగా ఏర్పడిన పొరల పత్రాన్ని పాశ్చాత్యులు పాలింప్సెస్ట్ అంటారు. తోలు కరువైన రోజుల్లో అక్కడి సన్యాసులు అలా చేశారు, ఇక్కడ గోడ కరువై కార్యకర్తలు చేశారు. అటువంటి గోడనొకదాన్ని దగ్గరనుంచి పరిశీలిస్తే, 1971 నాటి ఆవు-దూడ గుర్తులో ఆవు కాళ్లు, దానిపై 1978 శాసనసభ ఎన్నికల నుంచి వచ్చిన హస్తం, ఆపైన 1982లో పుట్టిన తెలుగుదేశం సైకిలు చక్రం, అన్నిటికీ అడుగున ఏదో అజీర్తి చూర్ణం ప్రకటన ఉంటాయి. పెచ్చులూడిన కొద్దీ ఈ పొరలు కలిసిపోయి, ‘కడుపు ఉబ్బరము, పుల్లని త్రేనుపులు గలవారు… ముద్ర వేసి అఖండ మెజారిటీతో గెలిపించండి’ అనే పాఠం సిద్ధిస్తుంది. ఇది ఏ పార్టీదో తేల్చడం సాధ్యం కాదు, తేల్చవలసిన అవసరమూ లేదు. పైగా ఎన్నికలకు ఏడాది ముందే ‘ఈ గోడ ఫలానా పార్టీకి రిజర్వు’ అని రాసిపెట్టుకొనే ఆచారం ఉండేది. గోడ యజమానికి ఆ రిజర్వేషను సంగతి ఉదయం పాలవాడు చెబితే తెలిసేది. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న 1990–96 మధ్య ఈ ఉత్సాహానికి కళ్లెం పడింది. బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1997లో ఒక చట్టమే వచ్చింది. చట్టం వచ్చిన సంగతిని చాలాచోట్ల గోడలపైనే రాశారు.

దేశంలో నిజంగా దెయ్యానికే ఉద్దేశించిన గోడరాతను సృష్టించిన ఘనత మాత్రం తెలుగు, కన్నడ ప్రాంతాలది. 1990ల ప్రాంతంలో రాత్రివేళ తలుపు తట్టే ఆడదెయ్యం గురించి వదంతి పుట్టి, ఊళ్లలోనూ పట్టణపు పేటల్లోనూ ఇంటింటా ‘ఓ స్త్రీ రేపు రా’ అని బొగ్గుతోనో సుద్దతోనో రాశారు. దెయ్యం దాన్ని చదువుతుంది, సరేనని వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ చదువుతుంది. 1991 జనగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో అక్షరాస్యులు సుమారు 33 శాతం. దెయ్యాలలో మాత్రం నూటికి నూరుగురూ చదువుకున్నవారేనని, పైగా ఇచ్చిన మాటను గౌరవించే సంస్కారవంతులని జనం ఏకగ్రీవంగా నమ్మారు. కిరాణా కొట్లలోని ‘అప్పు రేపు’ అనే రాత ఈ సూత్రానికే మరో రూపం, అయితే అప్పు అడిగేవాడు దెయ్యమంత అమాయకుడు కాడు.

వీధిచిత్రాల గురించి క్లుప్తంగా చెబితే చాలు. 2016లో రాజ్‌భవన్ పక్కనున్న ఎం.ఎస్. మక్తాలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ చొరవతో దేశవిదేశాల కళాకారులు ఇళ్ల గోడలపై పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. ఆ ఇరుకు సందుల్లో వాటిని చూడడానికి వెనక్కు జరిగితే వీపు ఎదుటి ఇంటి బొమ్మకు తగులుతుంది, అది కూడా ఒక అనుభవమే. ఇక స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కుల కోసం పురపాలక సంఘాలు వేయిస్తున్న సీతాకోకచిలుకలూ చీపుళ్లూ వీధికళ కింద వస్తాయా, పరీక్ష ముందు రాత్రి చదువు కింద వస్తాయా అన్నది చర్చనీయాంశం. 2000 తరువాత వచ్చిన ఫ్లెక్సీ సంగతి మరీ తేలిక. అది పుట్టినరోజు శుభాకాంక్షలతో పుట్టి, వాన వచ్చిన నాడు ఎవరి కొట్టుకో పరదాగా మారుతుంది. పాతబడే ఓపిక లేనిదానికి చరిత్ర ఎక్కడిది?

అసలు విషయం వేరే ఉంది. ఈ రాతలను కాపాడినది పురావస్తు శాఖ కాదు, కళాభిమానులు అంతకన్నా కాదు, భాగపంపిణీ దావా. అన్నదమ్ములలో ఒకడు గోడకు సున్నం కొట్టిస్తే ఆ ఖర్చును బట్టి స్వాధీనం తనదని వాదిస్తాడేమోనని రెండోవాడు అడ్డుపడతాడు. న్యాయస్థానం యథాతథ స్థితి కొనసాగించాలని ఉత్తర్వు ఇస్తుంది. ఆ ఉత్తర్వును అక్షరాలా పాటించేది ఆ గోడ ఒక్కటే. దావా లేని చోట 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఆ పని చేసింది. నెలకు పాత రూపాయలలో అద్దె ముట్టే మేడకు రంగు వేయించడం యజమానికి గిట్టదు, తనది కాని గోడకు వేయించడం అద్దెదారుకు గిట్టదు, మధ్యలో 1958 నాటి నశ్యం డబ్బా బొమ్మ చెక్కుచెదరదు. కనుక పాత రాతలు చూడదలచినవారు పర్యాటక పటం వెంట పోవడం కంటే సివిల్ కోర్టు కాజ్‌లిస్టు వెంట పోవడం మేలు.

చూసే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. వాన వెలిసిన వెంటనే గోడ తడిగా ఉన్నప్పుడు వెలిసిన అక్షరాలు తేటపడతాయి. ఉదయపు ఏటవాలు ఎండలో రంగు మందంగా పడిన చోట్లు పైకి తేలుతాయి. షట్టర్లపై రాసినవి కొట్లు తెరవకమునుపే కనిపిస్తాయి. అయితే పాత పేటలో ఏ కారణమూ లేకుండా గోడవైపు అయిదు నిమిషాలు చూసే మనిషి ఉండడని అందరి నమ్మకం. అందువల్ల అన్న వర్గం ఆయనను తమ్ముడు పంపిన వకీలు గుమాస్తాగా, తమ్ముడి వర్గం అన్న తెచ్చిన బిల్డరుగా, అద్దెదారు రోడ్డు వెడల్పు కోసం వచ్చిన మునిసిపల్ సర్వేయరుగా భావిస్తారు. అక్షరాల కోసం వచ్చానని నిజం చెబితే ముగ్గురి అనుమానమూ బలపడుతుంది. ఎవరైనా వచ్చి ‘ఎవరు సార్ మీరు, ఏం కావాలె?’ అని అడిగినప్పుడు చాయ్ దుకాణం ఎక్కడని అడగడం అనుభవజ్ఞుల పద్ధతి.

పాత పేటల్లో ఉమ్మడి ఆస్తి గల అన్నదమ్ములకు ఒక విన్నపం చేయవలసి ఉంది. తగవులు తీరడం మంచిదే, పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడడం ఇంకా మంచిదే. రాజీపత్రంపై సంతకాలు పెట్టే ముందు మాత్రం ఎవరో ఒకరు ఆ పక్కగోడను వానాకాలపు ఉదయాన ఒకసారి ఫోటో తీయించండి. ఖర్చు ఎవరి వాటాలో వేయాలన్నది తరువాత తేల్చుకోవచ్చు. రాజీ కుదిరిన మర్నాడే జేసీబీ వస్తుంది.