ఎక్కడ మునగాలి?

రాష్ట్రానికి 974 కిలోమీటర్ల సముద్రతీరం ఉందని బడిలో బట్టీ పట్టించారు. అందులో మా కర్నూలు వాటా సున్నా. మా అక్కను ఇచ్చిన కడప వాటా ఇంకో సున్నా. ఈ రెండు సున్నాల వారసుడైన మా మేనల్లుడు బీటెక్ చదివి, బెంగళూరులో కొన్నాళ్లు కంప్యూటర్ ముందు కూర్చొని, ఉగాదికి ఇంటికొచ్చి, ఇక సముద్రంలోనే బతుకుతానన్నాడు.

"నేవీలోనా?" అన్నాడు బావ, ఆశగా.

"కాదు నాయనా. డైవ్ మాస్టర్."

వీపుకు గాలి సిలిండరు కట్టుకొని స్కూబా డైవింగ్‌కు వచ్చినవాళ్లను నీళ్ల కిందికి తీసుకుపోయి, చేపలు చూపించి, పోయినవాళ్లను పోయినట్టే పైకి తెచ్చేవాడు డైవ్ మాస్టర్. ఈ వృత్తిలో అది మొదటి మెట్టు. మేనల్లుడు అరగంట చెప్పిందంతా విని మా అవ్వ, "పుష్కరాల్లో గజ ఈతగాళ్లు ఉంటారే, ఆ పనే గదా?" అంది. ఆ తర్వాత ఎవరూ అంతకన్నా బాగా చెప్పలేదు.

చిత్రమేమంటే, ఇంట్లో ఎవరూ వద్దనలేదు. తగువంతా ఎక్కడ నేర్చుకోవాలన్న దగ్గరే వచ్చింది. మేనమామను కాబట్టి తీర్పు నా నెత్తిన పడింది.

"మునగడానికి మన ప్రాంతంలోనే చోటు లేదా?" అని బావ మొదలుపెట్టాడు. లేకేం! మహానంది కోనేట్లో పడిన రూపాయి బిళ్ల బొమ్మో బొరుసో గట్టు మీంచే చెప్పొచ్చు. అంత తేటనీళ్ల కోసం ప్రపంచంలో డైవర్లు విమానాలెక్కి తిరుగుతుంటారు. కాకపోతే నిలబడితే తల పైనే ఉంటుంది. లోతే కావాలంటే బెలుం గుహలున్నాయి. పాతాళగంగ దగ్గర ప్రవేశద్వారానికి 46 మీటర్ల కింద ఉంటాం. సరదా డైవింగ్‌కు ప్రపంచమంతా గీసుకున్న హద్దు 40 మీటర్లే. అంటే మా జనం టికెట్టు కొనుక్కొని, హవాయి చెప్పులతో, పిల్లల్ని చంకనేసుకొని ఆ హద్దు దాటి ఆరు మీటర్లు దిగి వస్తున్నారు. మునిగేన్ని నీళ్లు లేవన్నదొక్కటే లోటు. కేసీ కెనాల్ ఉంది కదా అంటారా? పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని తవ్వించిన కంపెనీ అందులో పడవలు కూడా నడుపుతానంది. ఇప్పుడు చివరి పొలానికి తడి అందితే చాలని దండం పెడుతున్నాం.

మా ప్రాంతంలో అనుభవమున్న డైవరంటే సంగమేశ్వరం గుడే. శ్రీశైలం జలాశయం నిండితే మునుగుతుంది, నెలల తరబడి ఊపిరి బిగబట్టి, ఎండాకాలానికి పైకొస్తుంది. కానీ ఆ పద్ధతి మనుషులకు పనికిరాదు. స్కూబాలో మొట్టమొదటి సూత్రమే ఊపిరి బిగబట్టకూడదని. పైకొచ్చేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గి లోపలి గాలి ఉబ్బుతుంది. బిగబట్టినవాడి ఊపిరితిత్తులు చిరుగుతాయి.

ఇక సముద్రాల వంతు వచ్చింది. అక్క మురుడేశ్వరం అంది. కర్నూలు, కడప మీదుగా పోయే కాచిగూడ రైలు తమిళనాడు, కేరళ చుట్టి అక్కడికే పోతుంది. ఒడ్డున 123 అడుగుల శివుడున్నాడు. పడవెక్కితే నేత్రాణి దీవి, అక్కడే డైవింగు. "దర్శనమూ అవుతుంది, చదువూ అవుతుంది" అని ఆమె లెక్క. ఒకటే ఇబ్బంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలకు మూసేస్తారు. మేం వానకోసం ఆకాశం చూసే నాలుగు నెలలూ వాళ్లు వాన పోవడం కోసం చూస్తారు.

బావ విశాఖపట్నం అన్నాడు. ఋషికొండ దగ్గర డైవింగు చేయిస్తారు, పైగా అందరూ తెలుగు మాట్లాడతారు.

"నోట్లో రెగ్యులేటరు పెట్టుకున్నాక తెలుగేంది, తమిళమేంది నాయనా? అంతా చేతి సైగలే."

సైగల సంగతి వాడికి ముందే తెలుసు. పుదుచ్చేరిలో సరదాకు దిగినప్పుడు మొదటి చేపను చూసి, సంబరంగా బొటనవేలు పైకెత్తాడట. నీళ్ల కింద దానర్థం 'పైకి పోదాం' అని. నేర్పేవాడు వెంటనే పైకి తెచ్చాడు. బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. మా సినిమా హీరోలకు అక్కడ మరీ కష్టం. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లు వేగంగా పోతుంది, అందువల్ల ఏ దిక్కునుంచి వచ్చిందో చెవికి అందదు. ఎవరో తొడగొట్టినట్టు తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. ఫ్యాక్షన్ కథలన్నీ నీళ్ల కింద తీసుంటే మొదటి రీల్లోనే రాజీ అయ్యేది.

మేనల్లుడి మనసు థాయిలాండ్‌లోని కో టావో దీవి మీదుంది. చిన్న దీవే గానీ ఏటా వేలమంది అక్కడ డైవింగ్ నేర్చుకుంటారు. థాయిలాండ్ అనగానే మా బావ ముఖం చూడాలి. పెళ్లికాని మగపిల్లవాడు ఆ దేశానికి చేపలు చూడ్డానికి పోతాడంటే ఆయన ఈ జన్మకు నమ్మడు.

"పోనీ అండమాన్, హావ్‌లాక్ దీవి. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు" అన్నాను మధ్యేమార్గంగా.

అవ్వ గుండెలు బాదుకుంది. "అండమానా? ఏం తప్పు చేసినాడని వాణ్ని ఆడికి పంపేది?"

ఇంతలో నేను డైవ్ మాస్టర్ కావడానికి నియమాలు చదివాను. 1966లో అమెరికాలో పుట్టిన ప్యాడీ అనే సంస్థ లెక్క ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండాలి. ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ కోర్సులు అయ్యుండాలి. చేరేటప్పటికి 40 మునకలు, పట్టా చేతికొచ్చేటప్పటికి 60 ఉండాలి. ప్రథమ చికిత్స రావాలి, డాక్టరు సంతకం కావాలి. ఆగకుండా 400 మీటర్లు ఈదాలి, పదిహేను నిమిషాలు తేలుతూ ఉండాలి, అలసిపోయిన మనిషిని 100 మీటర్లు లాక్కురావాలి. మావాడు సొరబుర్ర కట్టుకొని బావిలో ఈత నేర్చినవాడే. కానీ బావిలో నాలుగు బారలేస్తే గోడ తగులుతుంది. 400 మీటర్లు పూర్తిచేయాలంటే ఎన్నిసార్లు తల కొట్టుకోవాలో!

కొన్నిచోట్ల ఫీజు లేకుండా నేర్పుతామంటారు. ఇంటర్న్‌షిప్ అని దానికి ముద్దుపేరు. పొద్దున్నే సిలిండర్లు పడవలోకి మోయాలి, సాయంత్రం దించాలి, నడుమ ఇతరుల వెట్‌సూట్లు ఉతకాలి. ఇంట్లో గ్యాసు సిలిండరు వంటగదిలోకి దొర్లించమంటే నడుం పట్టేసే మావాడు, ఆ పనికోసం సముద్రం దాటాలా?

మీసం సంగతి అందరికన్నా చివర బయటపడింది. మాస్కు ముక్కు కింద చర్మానికి గట్టిగా అతుక్కోవాలి. మీసముంటే ఆ సందులోంచి నీళ్లు దూరతాయి. కొందరు ముక్కు కింద ఒక గీతంత గొరుగుతారు, కొందరు జిడ్డు పూస్తారు. "గొరిగేదానికి మాత్రం నేనొప్పుకోను" అని బావ లేచి నిలబడ్డాడు. అండమాన్‌కు, సొరచేపలకు, ఉద్యోగం వదలడానికి ఒప్పుకున్నవాడు మీసం దగ్గర ఆగాడు. చివరికి జిడ్డు దగ్గర రాజీ కుదిరింది.

నా తీర్పు ఇది. ఈత కర్నూల్లోనే కొలనులో సరిచేసుకోవాలి. ఓపెన్ వాటర్ నేత్రాణిలో, అక్క మొక్కూ తీరుతుంది. తర్వాత విశాఖలోనో పుదుచ్చేరిలోనో మసక నీళ్లు కూడా రుచి చూడాలి. అద్దంలాంటి నీళ్లలోనే నేర్చినవాడు నీళ్లు కలగగానే వెంట తెచ్చిన మనిషిని పోగొట్టుకుంటాడు. డైవ్ మాస్టర్ మాత్రం అండమాన్‌లో, అక్టోబరు నుంచి మే దాకా, సీజనంతా ఒకేచోట ఉండి. గాలివాటం మారినరోజు, పడవ కదలనిరోజు, కంగారుపడే అతిథి వచ్చినరోజు, అన్నీ చూస్తేనే ఈ పని వస్తుంది. చేపలను చూపించడం పెద్ద విద్య కాదు, చేపలే వస్తాయి. మనుషులను వెనక్కి తేవడమే విద్య.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా బయల్దేరితే ఏ దీవి అందంగా ఉందని అడక్కండి. నేర్పేవాడికి ఫోన్ చేసి నాలుగే ప్రశ్నలు వేయండి. ఒకరి చేతికింద ఎంతమంది శిష్యులు? పడవలో ఆక్సిజన్ ఉందా? ఒత్తిడి జబ్బు చేస్తే వైద్యంచేసే చాంబరు ఎంత దూరం? పైకొచ్చాక తలకాయలు ఎవరు లెక్కపెడతారు? నాలుగింటికీ తడుముకోకుండా జవాబొస్తేనే ఫీజు కట్టండి.