డిక్షనరీ ముట్టకుండా ఇంగ్లీషు

ఇంగ్లీషు మాటకి అర్థం తెలియలేదని దిగులుపడేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎంత నిద్ర పాడుచేసుకుంటున్నారో! మాటకి అర్థాన్ని మన అవసరం కొద్దీ ఎంచుకోవాలి. ఈ కిటుకు పట్టుబడ్డాక 20 ఏళ్లుగా నేను డిక్షనరీ తెరిచింది లేదు. మీ మేలు కోరి చెబుతున్నాను, ఈ వరసలో పోండి.

1. ఇంట్లో ఉన్న డిక్షనరీ తీసి ఊగే టేబులు కోడు కింద పెట్టండి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణ 20 సంపుటాలు. అందులో ఒక్క 'సెట్' అనే మాటకే 430కి పైగా అర్థాలున్నాయి. మీరు చెప్పింది తప్పని తేల్చాలంటే ఎదుటివాడు అవన్నీ తిరగేసి రావాలి. రాడు. గొంతు పెంచి మాట్లాడండి, చాలు.

2. కొత్త మాట తగిలితే దాని చుట్టాలను చూసి పోల్చుకోండి. ఇన్‌కరెక్ట్, ఇన్‌కంప్లీట్. 'ఇన్' వస్తే కాదని, లేదని. కాబట్టి మేనేజరు 'యువర్ హెల్ప్ వాజ్ ఇన్‌వాల్యుబుల్' అని మెయిలు పెడితే మీ పనికి విలువ లేదన్నాడన్నమాట. వెలకట్టలేనంత గొప్పదని అర్థమంటూ పక్క సీటాయన సర్దిచెప్పబోతాడు. వినకండి. ఆ మెయిలు జత చేసి పైవాళ్లకి ఫిర్యాదు పంపండి.

3. రెండు వైపులా పలికే మాటలను కంటికి రెప్పలా కాపాడుకోండి. వీటిని మించిన ఆస్తి ఇంగ్లీషులో లేదు. 'బైవీక్లీ' అంటే వారానికి రెండుసార్లు, రెండు వారాలకోసారి కూడా. రిపోర్టు ఇవ్వాల్సినప్పుడు రెండోది, వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగేటప్పుడు మొదటిది వాడండి. 'శాంక్షన్' ఇంకా మంచిది. లోను శాంక్షనయితే అనుమతి, ఇరాన్ మీద శాంక్షన్లు పెడితే దండన. 'ఐ కాంట్ శాంక్షన్ దిస్ లీవ్' అని బాసు రాశాడా? ఈ సెలవుకి నేను శిక్ష వేయలేను అని చదువుకుని రైలెక్కండి. 'ఓవర్‌సైట్' అంటే పర్యవేక్షణ, పొరపాటు కూడా. లెక్కల్లో డబ్బు తగ్గితే 'ఇట్ వాజ్ మై ఓవర్‌సైట్' అని రాసి సంతకం పెట్టండి. మీరు దగ్గరుండి చూసుకున్నారని మెచ్చుకుంటారు.

ఇక 'టేబుల్'. బ్రిటన్‌లో ఒక విషయాన్ని టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో పక్కన పడేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదులాడుకున్నారని చర్చిల్ రాసుకున్నాడు. అంత పెద్దవాళ్లకే తెగని మాట మనకి దొరికిన వరం. రాత్రి అమెరికా వాళ్లతో కాల్ ఉంటే 'లెట్స్ టేబుల్ ఇట్' అనేసి పడుకోండి. వాళ్లు మానేస్తారు. పొద్దున ఇక్కడి మేనేజరుతో 'టేబుల్ చేశానండీ' అనండి. మీరు చర్చ నడిపారనుకుంటాడు. రెండు దేశాలు కలిసి మాట్లాడుకునే రోజు వచ్చేదాకా హాయి.

4. నుడికారాలను మక్కికి మక్కి తీసుకోండి. 'రెయిన్ చెక్' బేస్‌బాల్ నుంచి వచ్చింది. వాన పడి ఆట ఆగితే ఇంకో రోజు రావడానికి ఇచ్చే చీటీ అది. అంత చరిత్ర మనకెందుకు? మీరు భోజనానికి పిలిచిన అమెరికా దొర 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్' అంటే వాన ఖర్చులకి చెక్కు అడుగుతున్నాడని గ్రహించి, బ్యాంకు పుస్తకం తీయండి.

5. వీసా ఇంటర్వ్యూలో '2012లో ఇంజనీరింగ్ కాలేజీలో పాస్డ్ అవుట్ అయ్యాను' అని ఛాతీ విరిచి చెప్పండి. మనకది పట్టా పుచ్చుకోవడం. అమెరికావాడికి స్పృహ తప్పి పడిపోవడం. జాలిపడతాడు, జాలి ఎప్పుడూ పనికొస్తుంది.

6. దొరికిపోతే ఏమనాలో ముందే కంఠస్థం చేయండి. 'ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్' అని రాసి ఫైలు జత చేయలేదా? వెతుక్కోమనే రాశాం కదా, వెతికే పని వాళ్లది. మీ నెత్తిన పడ్డ పనికి 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' తగిలించి పక్కవాడికి తోసేయండి. ఆ నీడ్‌ఫుల్ ఏమిటో మీరు చెప్పనక్కర్లేదు, అదే అందులో ఉన్న సుఖం. ఎవరైనా మరీ నిలదీస్తే మన పందికొక్కుని 'బాండికూట్' చేసుకున్నది ఎవరని ఎదురడగండి. అది తెలుగు నుంచి వెళ్లిన మాటే. 'ప్రీపోన్' కూడా మనవాళ్లు వాడీ వాడీ ఆక్స్‌ఫర్డ్‌లోకి ఎక్కించారు. మీ తప్పు కూడా ఎక్కుతుంది, ఆపకుండా చేస్తూ ఉండండి.

7. ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే ఏడాది తిరక్కుండా మీకొక లెటరు వస్తుంది. 'వియ్ హావ్ టు లెట్ యు గో' అని ఉంటుంది. మక్కికి మక్కి చూడండి, మిమ్మల్ని వెళ్లనివ్వక తప్పదట. కాళ్లావేళ్లా పడ్డా దొరకని సెలవు అడక్కుండానే వచ్చింది. ల్యాప్‌టాపు, ఐడీ కార్డు అక్కడ పెట్టి వెళ్లమంటారు. పెట్టేయండి, మోత తగ్గుతుంది. ఆఫీసంతా స్వీట్లు పంచి రాత్రి బస్సుకి ఊరెళ్లండి. మళ్లీ ఎప్పుడు రావాలో లెటర్లో ఎక్కడా రాయలేదు కాబట్టి తిరుగు టికెట్టు తీసుకోకండి.