రెండు సెకన్ల చట్టం

అడిగినదానికి జవాబు చెప్పకపోతే ఊరుకోని వ్యవస్థ మన దగ్గర ఒకటుంది. కలెక్టరేట్‌లో వెతక్కండి, కంప్యూటర్ లోపల ఉంది. విండోస్ విస్టా వచ్చిన దగ్గర్నుంచీ, అంటే 2007 నుంచీ, అక్కడో నిబంధన నడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డుకి పని అప్పగించాక రెండు సెకన్లు చూస్తారు. ఉలుకూ పలుకూ లేదా, కార్డునీ దాని డ్రైవర్‌నీ మెడపట్టి లేపి మళ్లీ పనిలో కూర్చోబెడతారు. తెర ఒక్కసారి నల్లబడి తేరుకుంటుంది. మూలన చిన్న చీటీ వెలుస్తుంది: డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసింది, కోలుకుంది. నిమిషం తిరక్కుండా ఐదుసార్లు దాటి ఇదే తంతు జరిగితే మాత్రం ఇక చీటీలుండవు. యంత్రమే పని ఆపేసి నీలం తెర దించేస్తుంది. దీని పేరు టైమవుట్ డిటెక్షన్ అండ్ రికవరీ, పొట్టిగా టీడీఆర్.

రెండు సెకన్లు! మన ఆఫీసుల్లో రెండు సెకన్లలో గుమాస్తా కళ్లజోడు కూడా తుడుచుకోలేడు. ఇంత తొందర మనుషులు తయారుచేశారు కాబట్టే ఈ యంత్రాలు ఇన్నిసార్లు పడిపోతున్నాయని మా నెల్లూరు తీరంలో ఒక బలమైన అభిప్రాయం ఉంది.

ఈ నిబంధన అమలవడం కళ్లారా చూడాలంటే ముహూర్తాల రోజుల్లో మైపాడు రోడ్డులో ఏదైనా పెళ్లి వీడియోల మిక్సింగ్ స్టూడియోకి వెళ్లాలి. ఇప్పుడు పెళ్లికి ముందే ఒక సినిమా తీస్తున్నారు కదా. మైపాడు బీచ్‌లో వధూవరులు అలల్లో పరిగెత్తాలి. పైన డ్రోన్ తిరగాలి. తిరిగి తిరిగి, పెళ్లికూతురి తండ్రికి ఎన్ని ఎకరాల రొయ్యల గుంటలున్నాయో అబ్బాయి తరఫువాళ్లకి అర్థమయ్యేలా ఏరియేటర్లతో సహా చూపించాలి. అంతా ఫోర్‌కేలోనే. తీసేది ఫోర్‌కే గానీ, అతికించే కంప్యూటర్ డీవీడీల కాలంలో కొన్నది. నేను వెళ్లిన స్టూడియోలో తలంబ్రాలు తొంభై ఏడు శాతం దగ్గర గాల్లో ఆగిపోయి ఉన్నాయి. రెండర్ పెట్టిన కుర్రాడు యూట్యూబ్‌లో నేర్చిన విద్య ప్రయోగించాడు: విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ, నాలుగు మీటలూ ఒకేసారి నొక్కాడు. గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తట్టి లేపే పద్ధతి అది. పెట్టె కీచుమంది. తెర పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది, ఆ తర్వాత నీలంగా నిలబడిపోయింది. వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అని రాసి, కింద బాధ్యుడైన ఫైలు పేరు కూడా చూపించింది. ఆ పేరు చదివినవాడు గదిలో ఒక్కడూ లేడు.

చదవకపోయినా రోగం మాత్రం అందరూ చెప్పారు. స్టూడియో ఓనరు లో-వోల్టేజీ అన్నాడు. కార్డు అమ్మినాయన ఫోన్లో, కార్డు బంగారం, తప్పంతా విండోస్‌ది అన్నాడు. విండోస్ ఎక్కించినాయన, విండోస్ ఒరిజినలే అని కాస్త గొంతు తగ్గించి చెప్పి, కార్డే సెకండ్‌హ్యాండ్ అయ్యుంటుందని గొంతు పెంచాడు. పక్క జెరాక్స్ షాపాయన ఉప్పుగాలి అన్నాడు. ఆయన లెక్కలో మోకాళ్ల నొప్పులకీ, మోటార్లు తుప్పు పట్టడానికీ, పెద్దకొడుక్కి సంబంధం కుదరకపోవడానికీ ఉప్పుగాలే కారణం. ఎందుకైనా మంచిదని ఎవరో అప్పటికే క్యాబినెట్‌కి గూడూరు నిమ్మకాయ కట్టి ఉంచారు. చివరికి నెల్లూరు నుంచి సిస్టమ్ మెకానిక్ బండి మీద వచ్చాడు. హెల్మెట్ తీయకుండానే తీర్పు చెప్పేశాడు.

"ఫార్మాట్ కొట్టాల్సిందేనన్నా."

అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో పెళ్లికూతురి తండ్రి కూర్చుని ఉన్నాడు. అల్లుడు అమెరికా పోయి నెల దాటింది, మీ క్యాసెట్ ఇంకా రాలా అని పొద్దుటి నుంచీ తగులుకుని ఉన్న మనిషి. ఫార్మాట్ మాట వినగానే లేచాడు.

"ఫార్మాట్ అంటే ఏంది తమ్ముడూ?"

"ఉన్నదంతా తుడిచేసి మళ్లా ఎక్కించేదన్నా."

"ఎందుకాగిందో కనుక్కున్నావా?"

"ఎందుకాగినా మందు అదేనన్నా."

"నా గుంటలో రొయ్య తేలిందనుకో. గుంటంతా ఎండగట్టి మళ్లా పిల్ల ఏస్తానా? ముందు నీళ్లు చూస్తా. ఆక్సిజన్ ఎంతుండాది, రాత్రి ఏరియేటర్ ఎప్పుడాగింది, మేత ఎంత పడింది, అన్నీ బుక్కులో రాసిపెట్టుంటా. మీ పెట్టెకి అట్టాంటి బుక్కు లేదా?"

మెకానిక్ హెల్మెట్ తీశాడు. బుక్కు ఉంది. ఆ సంగతి అతనికి తెలుసు కూడా. కానీ బుక్కు చదివినందుకు ఎవరూ డబ్బులివ్వరు, ఫార్మాట్ కొడితే ఇస్తారు.

ఇంతకీ నీలం తెర మీద పేరు పడ్డ ఈ డ్రైవర్ చేసేది దుబాసీ ఉద్యోగం. విండోస్‌కి కార్డు భాష రాదు, కార్డుకి విండోస్ గోడు పట్టదు. మధ్యలో కూర్చుని అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేసేవాడు డ్రైవర్. ఈ ఉద్యోగం మన తీరానికి కొత్తేమీ కాదు. 1626లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు ఆర్మగాన్‌లో, అంటే మన దుగరాజపట్నంలో, గిడ్డంగి పెట్టుకున్ననాటి నుంచీ ఈ గట్టు మీద దొరకీ వర్తకుడికీ నడుమ దుబాసీలే బతికారు. బేరం కుదిరితే తెలివి దొరది, చెడితే తప్పు దుబాసీది. గ్రాఫిక్స్ డ్రైవర్‌ది కూడా అదే జాతకం. పైగా అది కూర్చునేది కెర్నల్ అనే అన్నిటికన్నా లోపలి గదిలో. మామూలు ప్రోగ్రాము పడిపోతే అదొక్కటే పడుతుంది. ఆ గదిలోవాడు తూలితే ఇల్లంతా కూలుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ వారి భద్రతా డ్రైవర్, గ్రాఫిక్స్‌తో ఏ సంబంధమూ లేనిది, అదే గదిలో కూర్చుని ఒక తప్పుడు ఫైలు చదివింది. ప్రపంచమంతటా 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

గ్రాఫిక్స్ డ్రైవర్లు ఎంత చెడగొట్టగలవో లెక్క కూడా ఉంది. విస్టా మీద అమెరికాలో నడిచిన ఒక కేసులో మైక్రోసాఫ్ట్ లోపలి కాగితాలు 2008లో బయటపడ్డాయి. 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతం ఎన్విడియా డ్రైవర్ల ఖాతాలో పడ్డాయి. 17.9 శాతం మైక్రోసాఫ్ట్ సొంత ఖాతాలో, 9.3 శాతం ఏటీఐ ఖాతాలో, 8.8 శాతం ఇంటెల్ ఖాతాలో. ఎవరిదో తేలనివి 17 శాతం. కోర్టు మెట్లెక్కితే తప్ప బయటికి రాలేదు సరే, కానీ ఆ పట్టీలో రెండో స్థానంలో కంపెనీ తన పేరు తానే రాసుకుంది. మన విచారణ కమిటీల నివేదికల్లో 'ఎవరిదో తేలనివి' అన్న గడి ఒక్కటే ఉంటుంది. అందులో నూటికి నూరు.

రొయ్యల రైతు అడిగిన బుక్కు పేరు ఈవెంట్ వ్యూయర్. అందులో 4101 నంబరు పద్దు కనిపిస్తే డిస్‌ప్లే డ్రైవర్ ఆగి లేచిందని అర్థం. నీలం తెర పడినప్పుడు మినీడంప్ అనే ఫోల్డర్‌లో పంచనామా కూడా రాసిపెడుతుంది. అందులో ఫైలు పేరు ఎన్‌వీతో మొదలైతే ఎన్విడియా ఇలాకా, ఐజీడీ అయితే ఇంటెల్, ఏఎండీ లేదా ఏటీఐ అయితే ఇంటిపేరు అందులోనే ఉంది. ఆపైన చేయాల్సింది బ్రహ్మవిద్యేమీ కాదు. కొత్త డ్రైవర్ వేశాకే గొడవ మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్‌బ్యాక్ నొక్కి పాతదానికి వెళ్లాలి. పాతదే చెడిపోయిందనుకుంటే సేఫ్ మోడ్‌లోకి పోయి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో ఆనవాళ్లన్నీ తుడిచి, కార్డు కంపెనీ సైటు నుంచి, ల్యాప్‌టాప్ అయితే ఆ ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి, సరైనది తెచ్చుకోవాలి. ఆ పని అయ్యేదాకా నెట్ వైరు పీకి ఉంచాలి. లేకపోతే విండోస్ అప్‌డేట్ పిలవని పెద్దమనిషిలా వచ్చి తనకు నచ్చిన డ్రైవర్‌ని కూర్చోబెట్టి పోతుంది.

కొత్తదంతా మంచిదన్న భ్రమ కూడా వద్దు. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 అనే డ్రైవర్ వదిలితే, ఫ్యాన్లు సరిగ్గా తిరగక కార్డులు వేడెక్కిపోతున్నాయని జనం మొత్తుకున్నారు. కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. తప్పు అని తెలియగానే వెనక్కి తీసుకోవడం! జీవోలు రాసేవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదువుకోగలరు.

ఫార్మాట్‌కి రైతు ఒప్పుకోకపోయేసరికి మెకానిక్ తన దగ్గరున్న రెండో మందు తీశాడు. విండోస్ రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే అని ఒక సెట్టింగు ఉంది. మామూలుగా దాని విలువ రెండు సెకన్లు. దాన్ని ఎనిమిది చెయ్యొచ్చు, పది చెయ్యొచ్చు, ఉబలాటముంటే అరవై కూడా చెయ్యొచ్చు. నిజంగా బరువైన పని చేస్తున్న కార్డుకి ఆ వెసులుబాటు న్యాయమే. మిగిలిన కార్డుల విషయంలో దీని అర్థం ఒకటే: జవాబు చెప్పనివాణ్ని ఏమీ అనకుండా, అడిగేవాణ్ని ఇంకాసేపు ఆగమనడం.

"ఆగినోడికి టైమిస్తే లేస్తాడా?" అన్నాడు రైతు. "ముందు మూత తియ్యి."

మూత తీశారు. పంచనామాలో పేరున్నవాడల్లా హంతకుడు కాదని అప్పుడు తెలిసింది. అందులో ఉండేది చివరిగా జవాబు చెప్పనివాడి పేరు మాత్రమే. కార్డుకి చాలినంత కరెంటు ఇవ్వలేని ఎస్‌ఎంపీఎస్, చెడిన ర్యామ్, తుప్పెక్కిన కాంటాక్టు, ఎవరు చేసిన పాపమైనా డ్రైవర్ పేరునే నమోదవుతుంది. ఇక్కడ కార్డు ఫ్యాన్ రెక్కల మధ్య తేమకి ముద్దకట్టిన దుమ్ము అట్టలు కట్టి ఉంది. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరగడం లేదు, తిరగాలన్న సదుద్దేశంతో వణుకుతోంది. దుమ్ము కిందున్న స్క్రూలు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. జెరాక్స్ షాపాయన తలుపు దగ్గర్నుంచే, "నేనేం చెప్తిని? ఉప్పుగాలి!" అన్నాడు. ఆయన ఇన్నేళ్ల సిద్ధాంతానికి దొరికిన మొదటి రుజువు అది. ఫ్యాన్ మార్చి, డ్రైవర్‌ని శుభ్రంగా మళ్లీ వేశాక తలంబ్రాలు నెత్తిన పడ్డాయి. నిమ్మకాయ తన వంతు ఘనత తాను తీసుకుంది.

ఆ పెట్టెలో ఇన్ని సదుపాయాలున్నాయి: గడువు, గడువు పొడిగింపు, పద్దు, పంచనామా, రోల్‌బ్యాక్. వీటిలో మన పాలన ఎంచి ఎంచి ఒక్కదాన్నే స్వదేశీ చేసుకుంది, టీడీఆర్ డిలేని. అదే దుగరాజపట్నం సంగతి చూడండి. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో అక్కడో పెద్ద ఓడరేవు కడతామనీ, 2018 చివరికల్లా మొదటి దశ పూర్తవుతుందనీ అచ్చేశారు. 2018 వచ్చింది, పోయింది. తెర నల్లబడలేదు, చీటీ రాలేదు. తర్వాత లాభసాటి కాదన్నారు. పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉందన్నారు. 1971 నుంచీ రాకెట్లు ఎగరేస్తున్న చోటు చట్టం రాసేటప్పుడు ఎవరికీ కనపడలేదన్నమాట. ఇంగ్లీషు కంపెనీవాడు కూడా ఆ రేవు అచ్చిరాక 1640లో మద్రాసు వెళ్లిపోయాడు గానీ, కనీసం పోతున్నానని చెప్పి పోయాడు.

2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు దుగరాజపట్నం తిరుపతి జిల్లాలోకి పోయింది, కందుకూరుతో పాటు రామాయపట్నం నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. కట్టని రేవు పోయి, రెండుసార్లు మొదలైన రేవు దక్కింది. రామాయపట్నానికి 2019 జనవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2022 జులైలో ఇంకో ముఖ్యమంత్రి భూమిపూజ చేశారు. ఉన్నదాన్ని తుడిచి మళ్లీ ఎక్కించడమంటే ఇదే. మెకానిక్ కుర్రాణ్ని తప్పు పట్టడానికి మనకు నోరెక్కడిది?

రంగుల విషయంలో మాత్రం అమెరికావాడు మన దగ్గరే నేర్చుకున్నాడు. 2025లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో నీలం తెరని తీసేసి నల్ల తెర పెట్టింది. కంపెనీ పెద్ద హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల కాబట్టి, మన పంచాయతీ భవనాలకి మార్చి మార్చి వేసిన రంగులు ఆయన దృష్టికి వెళ్లే ఉంటాయని మావాళ్ల నమ్మకం. ఒక్కచోట మాత్రం పద్ధతి తప్పారు. కొత్త తెర మీద తప్పు చేసిన డ్రైవర్ పేరు మునుపటికన్నా స్పష్టంగా రాస్తున్నారు.

మన దగ్గర ఆ అవసరం రాదు. రిజిస్ట్రీ తెరిచే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మన చేతికీ ఇస్తారు, కాకపోతే ఐదేళ్లకోసారి, ఒక్క పూటకి. ఆ పూట ఎవరు ఎప్పుడు ఆగిపోయారో బుక్కు తిరగేసి చూసే తీరిక ఎవరికుంది? వేలికి సిరా పూయించుకుని ఫార్మాట్ కొట్టేస్తాం. ఇంటికొచ్చి చూసుకుంటే, కండువా మార్చుకున్న పాత డ్రైవరే మళ్లీ ఎక్కి కూర్చుని ఉంటాడు.